గిర్నీపల్లెలో మా కాపురం

కువైట్‌లోని జహ్రాలో మాకు వీసా ఇచ్చిన యజమాని, మా కఫీల్ ఇంట్లో నేను డ్రైవరును, నా భార్య పనిమనిషి. ఇద్దరం ఒకే గేటు లోపల ఉండేవాళ్ళం. నా గది గేటు పక్కన, కార్లు నిలిపే చోటుకు ఆనుకొని ఉండేది. ఆమె మేడ మీద, ఆ ఇంటి పిల్లల గది బయట నడవలో పడుకునేది. పొద్దున పిల్లల బడిసంచులు తెచ్చి కారులో పెట్టేటప్పుడు ఒక మాట, సాయంత్రం మిద్దె మీద బట్టలు ఆరేసేటప్పుడు కిందికి వంగి ఒక మాట. అంతే మా సంసారం. ఇంటి యజమానురాలిని మామా అనేవాళ్ళం. ఆమె చెడ్డ మనిషి కాదు. పనివాళ్ళు ఇంట్లో కాపురం పెట్టడం అక్కడ పద్ధతి కాదు, అంతే. రాయచోటి నుంచి మా బంధువులు ఫోన్ చేసినప్పుడల్లా "మీకేమబ్బా, మొగుడూ పెండ్లాం ఒక్క కాడనే ఉండారు" అనేవాళ్ళు. మేమూ "ఔను" అనేవాళ్ళం. పిల్లలిద్దరూ మదనపల్లెలో హాస్టల్లో ఉండి చదువుకునేవాళ్ళు. వాళ్ళకు కూడా అలాగే చెప్పేవాళ్ళం.

మా కఫీల్‌ను, ఆ ఇంటి పెద్దాయనను, బాబా అనేవాళ్ళం. ఆయనకు ఎడారిలో గొర్రెలు, కొన్ని ఒంటెలు ఉండేవి. జహ్రా దాటి సాల్మీ రోడ్డు మీద చాలా దూరం పోయి మట్టి దారి పడితే వరసగా గొర్రెల దొడ్లు వస్తాయి. అరబ్బులు వాటిని జాఖూర్లు అంటారు. ఒక్కో దొడ్డికి ఒకరో ఇద్దరో కాపరులు. సూడాన్ వాళ్ళు, బంగ్లాదేశ్ వాళ్ళు, అక్కడక్కడా మన కడప వాళ్ళు. వాళ్ళ జీవాలకు దాణా ఎక్కడి నుంచో లారీల్లో రావాలి. బాబా ఉద్యోగం నుంచి రిటైరైన ఏడాది, చలికాలంలో ఒకరోజు నన్ను అక్కడికి తీసుకెళ్ళాడు. దొడ్లకు ఈ చివర ఖాళీ ఇసుకలో కారు దిగి, చేతికర్రతో నేల మీద పొడుగ్గా ఒక గీత గీశాడు.

"ఇక్కడ మత్‌హన పెడదాం," అన్నాడు.

మత్‌హన అంటే మర. బార్లీ, మొక్కజొన్న, తవుడు తెచ్చి, ఆడించి, చుట్టుపక్కల దొడ్లకు అమ్మాలని ఆయన ఆలోచన. నేను నాలుగు వైపులా చూశాను. కరెంటు స్తంభం లేదు, నీళ్ళ గొట్టం లేదు. గాలికి కొట్టుకొచ్చిన ప్లాస్టిక్ సంచులు ముళ్ళపొదలకు తగులుకొని రెపరెపలాడుతున్నాయి.

"నడిపేదెవరు బాబా?" అని అడిగాను.

"నువ్వే."

"నాకు కారు నడపడమే తెలుసు."

"అదీ ఇంజనే, ఇదీ ఇంజనే. యల్లా, ఎక్కు."

మర తెలిసిన మనిషి ఉంటే చెప్పమని తెలిసిన వాళ్ళందరికీ ఫోన్లు చేశాను. కువైట్‌లోనే దక్షిణాన మంగఫ్‌లో వెల్డింగ్ పని చేస్తూ, ఆ కంపెనీ మూతపడి ఖాళీగా కూర్చున్న జగిత్యాల మనిషి ఒకాయన దొరికాడు. నాకంటే బాగా పెద్దవాడు, బక్కపలచని మనిషి. ఊళ్ళో వాళ్ళ నాయనకు పిండి మర ఉండేదట. బాబా ఆయన వీసాను తన పేరు మీదికి మార్పించుకున్నాడు. మొదటిరోజే మా ఇద్దరికీ మాట పట్టింపు వచ్చింది.

"మిషను బిగించేదానికి ఎన్నాళ్ళు పడుతుంది అన్నా?" అని అడిగాను.

"ఏం మిషను? కుట్టు మిషనా?"

"పిండి మిషను."

"దాన్ని గిర్ని అంటరు తమ్మీ. మిషనంటే బట్టలు కుట్టేది."

"మా తట్టు మిషనే అంటాం."

"మీ తట్టు ఏమన్న అనుకోర్రి. నడిపేటోన్ని నేను. నా కాడ అది గిర్నియే."

గిర్ని అనే పేరే నిలిచింది. తర్వాత పనికి వచ్చిన మా కడప కుర్రవాళ్ళు దానికి 'పల్లె' తగిలించి గిర్నీపల్లె అన్నారు. అది ఏ పటంలోనూ లేదు. కానీ శుక్రవారం రోజు జహ్రా బస్టాండులో తెలుగు టాక్సీవాడితో "గిర్నీపల్లెకు పోవాల" అంటే ఎక్కడికని అడగకుండా తీసుకొచ్చే రోజులు కూడా వచ్చాయి.

మొదటి చలికాలం గుడారంలో గడిపాం. అయిదారుగురం మనుషులం, ఒక జనరేటరు, ఒక నీళ్ళ ట్యాంకు. ట్యాంకరువాడు దారి తప్పితే ఆ రోజు స్నానాలు లేవు. మర విడిభాగాలు చెక్కపెట్టెల్లో వచ్చాయి. ఆ పెట్టెల చెక్కలతోనే మొదటి వంటగది కట్టాం. దుమ్ముగాలి లేచిన రోజున ఎదురుగా ఉన్న మనిషి కూడా కనపడేవాడు కాదు. తినే అన్నంలో ఇసుక పళ్ళకింద కరకరమనేది. జగిత్యాల ఆయన మాత్రం మెడకు తువ్వాలు చుట్టుకొని, ఇనుప దూలాలను వెల్డింగు చేస్తూనే ఉండేవాడు. ఇసుక మీద మరను నిలబెడితే అదిరి ఒరిగిపోతుందని, కింద సిమెంటు దిమ్మె పోయించేదాకా ఒప్పుకోలేదు.

మర మొదటిసారి తిరిగిన రోజు దొడ్ల కాపరులంతా వచ్చి చుట్టూ నిలబడ్డారు. తొట్టిలో బార్లీ పోశాం. మొదట కడుపులో రాళ్ళు దొర్లినట్టు చప్పుడైంది, పటాపటా నాలుగు గింజలు ఎగిరి వచ్చి మా ముఖాలకు తగిలాయి. తర్వాత చప్పుడు సర్దుకొని, గొట్టం నుంచి నూక, పిండి కలిసి జారడం మొదలైంది. బాబా దిష్‌దాషా అనే తన పొడుగు అంగీ చేతులు పైకి మడిచి గొట్టం కింద దోసిలి పట్టాడు. వెచ్చగా ఉందేమో, ముక్కు దగ్గర పెట్టుకొని వాసన చూశాడు. "జేన్," అన్నాడు. బాగుందని. ఒక సూడాన్ కాపరి తన పికప్ బండిని అప్పుడే వెనక్కి తిప్పి మర దగ్గర పెట్టేశాడు. మొదటి బేరం అతనిదే.

ఏడాది తిరిగేసరికి పోర్టా క్యాబిన్ గదులు వచ్చాయి, కరెంటు లైను వచ్చింది. మరుసటి చలికాలంలో బాబా కుటుంబం రివాజు ప్రకారం ఎడారిలో డేరాలు వేసుకొని ఉండడానికి వచ్చింది. ఈసారి మరకు దగ్గర్లోనే వేశారు. వంటకు నా భార్య వచ్చింది. ఆమె తీరిక చూసుకొని మా వంటగదిలోకి తొంగి చూసింది. ఆ పూట పప్పు మాడింది. ఎవరూ ఏమీ అనుకోకుండా అదే తింటున్నాం.

"ఏంది సామీ ఇది? ఇది మీరు తినేదా, గొర్రెలకు వేసేదా?" అంది.

జగిత్యాల ఆయన పళ్ళెం కింద పెట్టి, "చెల్లె, నువ్వన్న నాలుగు రోజులు ఉండి చెప్పిపోరాదు. మీ ఆయనకు నోరు తప్ప చెయ్యి రాదు," అన్నాడు.

ఆమెను చెల్లె అన్న క్షణం నుంచి నేను ఆయనకు తమ్మిని కాకుండా పోయాను. "ఇగ నువ్వు బావవు," అన్నాడు. ఆ రోజు నుంచి ఒకరినొకరం బావా అనే పిలుచుకున్నాం. ఇప్పటికీ ఫోన్‌లో అదే పిలుపు.

ఆ డేరాల రోజుల్లోనే ఆమె బావను ఒక మాట అడిగింది. "అన్నా, గొర్రెలకు ఆడిస్తాండావు, మాకు రాగులు ఆడించలేవా? అంగట్లో పొట్లాల పిండి చేదు వస్తాంది."

దాణా మరలో మనుషులు తినే పిండి ఆడకూడదు. బావ ఆ సంగతి చెప్పి, వేరే చిన్న రాతి గిర్ని కావాలన్నాడు. కువైట్ సిటీలో పాత సూక్ బజారు వెనక ఒక పిండి కొట్టు ఎత్తేస్తున్నారని విని బాబాను తీసుకుపోయాం. రాళ్ళు నున్నగా అరిగిపోయి ఉన్నాయి. బాబా పెదవి విరిచాడు. బావ రాయి మీద అరచేతితో తడిమి, "తీసుకోండి బాబా," అన్నాడు. తెచ్చాక, రేకుల నీడలో కూర్చొని ఉలితో ఆ రాళ్ళకు గంట్లు కొట్టాడు. ముందు కొంచెం బియ్యం ఆడి, రాతి ఇసుక కలిసిన ఆ పిండిని పారేశాడు. తర్వాత మా రాగులు ఆడాడు. ఆ పూట నా భార్య సంగటి చేసింది. కువైట్‌కు వచ్చాక అంత మంచి సంగటి తినలేదని కడప కుర్రవాడొకడు అందరి ముందూ కళ్ళు తుడుచుకున్నాడు. ఊరిబిండి పచ్చడి కారానికి అని తర్వాత సర్దుకున్నాడు.

ఈ కబురు ఫోన్లలో పాకిపోయింది. జహ్రా ఇళ్ళలో పనిచేసే మన ఆడవాళ్ళు డ్రైవర్ల చేత రాగులు, జొన్నలు, బియ్యం, ఎండుమిరపకాయలు పంపడం మొదలుపెట్టారు. కొన్నాళ్ళకు మంగఫ్ నుంచి కూడా జట్లు జట్లుగా శుక్రవారం వ్యాన్లలో వచ్చేవాళ్ళు. పిండి ఆడేలోపు కూర్చోవడానికి బల్లలు, బల్లలుంటే టీ, టీ ఉంటే పకోడీ. ఒక బంగ్లాదేశ్ ఆయన పాత కంటైనరు తెచ్చి బకాలా, అంటే కిరాణా కొట్టు, పెట్టాడు. క్షవరం చేసే మనిషి వారానికి ఒకసారి కుర్చీ పట్టుకొని వచ్చేవాడు. రంజాన్‌కు ముందు కువైటీ ఇళ్ళ నుంచి కూడా మనుషులు వచ్చేవాళ్ళు. హరీస్ అని మాంసం, గోధుమ కలిపి ఉడికించే వంటకం ఒకటి ఉంది, దానికి గోధుమలు పగలగొట్టించుకోవడానికి. అలాంటప్పుడు బాబా కుర్చీ వేసుకొని మర ముందే కూర్చునేవాడు. ఎవరొచ్చినా కాఫీ పోయకుండా పంపేవాడు కాదు.

మా పనివాళ్ళందరికీ వండిపెట్టే మనిషి కావాలని, నా భార్యను ఇక్కడే ఉంచుతానని బాబా మామాతో చెప్పాడు. మామా కొన్నాళ్ళు ముఖం ముడుచుకుంది. కొత్త పనిమనిషి వచ్చి పని నేర్చుకున్నాక, రంజాన్ నెలలో మాత్రం ఇంటికి తిరిగి రావాలని షరతు పెట్టి ఒప్పుకుంది.

మాకు వేరే గది కట్టారు. కట్టారంటే బావ, నేను, మా కుర్రవాళ్ళే కట్టాం. పాత క్యాబిన్ గోడలు రెండు, చెక్కలతో ఇంకో రెండు. కిటికీకి ఏసీ. సామాను తెచ్చుకున్న రోజు మా ఆవిడ తలుపు వేసి లోపలి నుంచి గడియ పెట్టింది. తీసింది. మళ్ళీ పెట్టింది.

"ఏందిమే, పట్టడం లేదా?" అన్నాను.

"పడతాంది. నా చేత్తో గడియ పెట్టుకుని ఎన్నేండ్లాయనో, చూస్తాండా," అంది.

పెళ్ళయి పిల్లలు బడికి పోయే ఈడు వచ్చాక, మేము ఇద్దరమే ఒక ఇంట్లో ఉండడం అదే మొదలు. ఊళ్ళో ఉమ్మడి ఇల్లు, ఇక్కడ కఫీల్ ఇల్లు. మొదటి కొద్దిరోజులు ఏం మాట్లాడుకోవాలో కూడా తెలియలేదు. ఆమెకు నిద్రలో మాట్లాడే అలవాటు ఉందని అప్పుడే తెలిసింది. నేను తువ్వాలు తడిది తెచ్చి మంచం మీద వేస్తానని ఆమెకు అప్పుడే తెలిసింది. చాలా పోట్లాడుకున్నాం. ఎవరైనా వింటారని గొంతు తగ్గించుకోవాల్సిన అవసరం లేకుండా పోట్లాడుకోవడం కూడా బాగానే ఉండింది. ఏసీ నుంచి కారే నీళ్ళు బకెట్లో పట్టి, గది వెనక బీరపాదు పెట్టింది. చలి ముదిరేదాకా బీరకాయలు కాసేవి.

దసరా నాడు బావ ఎవరికీ చెప్పకుండా మరను కడిగి కుంకుమ పెట్టాడు. దేవుడి పటాలు మా గదిలోనే అల్మారాలో ఉండేవి, బయట ఏమీ చేసేవాళ్ళం కాదు. బొట్టు మాత్రం పెట్టాడు. అనుకోకుండా బాబా వచ్చాడు. మోటారు మీద ఎర్రటి చుక్క చూసి, "ఇదేమిటి? ఎవరికైనా దెబ్బ తగిలిందా?" అని కంగారుపడ్డాడు.

బావ చేతులు వెనక్కి పెట్టుకొని, "లేదు బాబా. ఈరోజు మా దగ్గర పనిముట్లకు పండుగ," అన్నాడు, వచ్చీరాని అరబ్బీలో.

బాబా మర చుట్టూ ఒకసారి తిరిగాడు. "పండుగైతే దానికి సెలవివ్వాలి కదా? ఖలాస్, ఈరోజు బంద్," అన్నాడు. లారీలు వచ్చి వెనక్కి పోయాయి. ఆ తర్వాత ఏటా దసరాకు మర ఆగేది. ఎందుకని కాపరులు అడిగితే "మత్‌హనకు ఈద్" అని బాబాయే చెప్పేవాడు.

అప్పటికే గిర్నీపల్లె ఒక ప్రమాదం నుంచి బయటపడి ఉంది. అది చెప్పాలి. మేమున్న చోటికి పక్కనే ఒక పల్లపు వంక ఉంది. ఎండాకాలమంతా లారీలు తిరిగే దారి అదే. దాంట్లో నీళ్ళు పారతాయని మాలో ఎవరమూ అనుకోలేదు. ఒక నవంబరులో తెల్లవారుజామున మొదలైన వాన పొద్దెక్కినా ఆగలేదు. చూస్తుండగానే వంక నిండి నీళ్ళు మర షెడ్డులోకి వచ్చాయి. నా భార్య పిండి బస్తాలు తడవకుండా ఒకదాని మీద ఒకటి వేయిస్తూ, చివరకు కింద నిలబడే చోటు లేక వాటి మీదికే ఎక్కి కూర్చుంది. బకాలా కంటైనరు కదిలి పక్కకు తిరిగింది. బావ మోకాళ్ళలోతు నీళ్ళలో నిలబడి మోటారు బోల్టులు విప్పుతున్నాడు.

"బావా, బయటికి రా! కరెంటు కొట్టి చస్తావు!" అని అరిచాను.

"లైను కోసేసిన. నువ్వు ఒర్రకు, ఇటు వచ్చి పట్టు. ఇది తడిసిందంటే అందరం ఇంటికే."

ఇద్దరం పట్టి మోటారును దిమ్మె పైనున్న చెక్కల మీదికి ఎత్తాం. బాబా పికప్ దారిలో కూరుకుపోతే, దిష్‌దాషా నడుముకు కట్టుకొని నీళ్ళలో నడుచుకుంటూ వచ్చాడు. బస్తాల మీద కూర్చున్న మా ఆవిడ తెలుగులో ఎవరినో గట్టిగా తిడుతూ ఉంది.

మరునాటికి నీళ్ళు తీశాయి. బార్లీ ఉబ్బి బస్తాలు చీలిపోయాయి. రెండోరోజుకు పులిసిన వాసన. గుట్ట మీది ఇసుకలో పరచి ఎండబెట్టగలిగింది ఎండబెట్టాం. బాబా చేతికర్రతో ఉబ్బిన బస్తాలను పొడుస్తూ ఆ వాసనలో తిరిగాడు. ఇక మూసేస్తాడని అందరం అనుకున్నాం. మధ్యాహ్నానికి దొడ్ల వైపు నుంచి ఒక లోడరు వచ్చింది. దాని వెనక పారలు పట్టుకొని కాపరులు వచ్చారు. మొదటిరోజు బేరం చేసిన సూడాన్ కాపరి ముందున్నాడు. ఎవరూ పిలవలేదు. వంక వైపు మట్టికట్ట వేయడం మొదలుపెట్టారు. బాబా వాళ్ళను చూసి, నా భుజం మీద చెయ్యి వేసి, "వీళ్ళందరికీ అన్నం వండించు," అన్నాడు. తడవని బియ్యం ఏదుంటే అది వండారు. కట్ట పూర్తవడానికి వారం పైనే పట్టింది. పైన చెప్పిన మంచి రోజుల్లో చాలావరకు ఆ కట్ట తర్వాతవే.

మంచి రోజులు ఎప్పుడు తగ్గాయో ఫలానా అని చెప్పలేను. ఒకరోజు దొడ్ల మధ్య ఎరుపు, తెలుపు రంగుల కర్రలు పాతి ఉన్నాయి. సర్వేవాళ్ళు వచ్చి పోయారట. ఆ నేలలో కొత్త కాలనీ వస్తుందని, దొడ్లు ఇంకా లోపలికి పోవాలని చెప్పారు. ఏడాది పాటు ఏమీ జరగలేదు. తర్వాత ఒక్కొక్క దొడ్డే ఖాళీ అయింది. సూడాన్ కాపరి మందను లారీల్లోకి ఎక్కించిన రోజు వచ్చి మా అందరితో చేయి కలిపి పోయాడు. దూరం పోయినవాళ్ళు మా దగ్గరికి రావడం మానేశారు. ఓడల్లో మాత్రల్లాంటి దాణా బస్తాలు వస్తున్నాయి, అవి దొడ్డి ముందుకే తెచ్చి దించుతున్నారు. పిండి కోసం వచ్చే శుక్రవారం వ్యాన్లూ తగ్గాయి. పెద్ద అంగళ్ళలో అన్ని రకాల పిండీ దొరుకుతోంది, ఫోన్ చేస్తే గది దాకా వస్తోంది. క్షవరం మనిషి రావడం మానేశాడు. బకాలా కంటైనరును క్రేనుతో ఎత్తుకుపోయిన రోజు ఆ బంగ్లాదేశ్ ఆయన మిగిలిన బిస్కట్లన్నీ మాకు పంచిపెట్టాడు.

అదే సమయంలో బాబాకు పక్షవాతం వచ్చింది. మర వ్యవహారం కొడుకు చేతికి వచ్చింది. కొడుకు సిటీలో ఆఫీసు ఉద్యోగి, నెమ్మది మనిషి. ఒకరోజు వచ్చి మమ్మల్ని అందరినీ కూర్చోబెట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. నేల మనది కాదు, ఇచ్చినవాళ్ళు తిరిగి అడుగుతున్నారు. దక్షిణాన ఇండస్ట్రియల్ ఏరియాలో స్నేహితుడితో కలిసి మాత్రల దాణా ఫ్యాక్టరీ పెడుతున్నాను, రాదలచినవాళ్ళు రండి, ఉండడానికి మంగఫ్‌లో గదులిస్తాను.

అతను వెళ్ళాక నేను బావను అడిగాను. "పోదామా?"

"నువ్వు పో బావా. నేను రాను. ఆడ గుండీ ఒత్తుడు, నిలవడి చూసుడు. చెవులకు గిర్ని సప్పుడు లేకుంటే నాకు పొద్దు వోదు."

"ఊళ్ళో ఏం చేస్తావు? మళ్ళా గిర్ని పెడతావా?"

"ఇంటింటికీ మిక్సీలొచ్చినయ్, గిర్ని ఎవరికి గావాలె? మనుమరాలు పుట్టింది. ఎత్తుకుంట కూసుంట."

విమానాశ్రయానికి నేనే కారులో తీసుకుపోయాను. మా ఆవిడ దారిలో తినడానికి జొన్నరొట్టెలు కట్టిచ్చింది. లోపలికి పోయే ముందు బావ ఆమెతో, "చెల్లె, వాన్ని మంచిగ చూసుకో, ఒట్టి అమాయకుడు," అన్నాడు. ఆమె ఏడుస్తూనే నవ్వింది. నేను కారు పార్కింగు చీటీ కోసం జేబులు వెతుక్కుంటూ నిలబడ్డాను.

ఆ నెలలోనే మామా కారులో గిర్నీపల్లెకు వచ్చింది. అంతకుముందు ఎప్పుడూ మా గదిలో అడుగుపెట్టని మనిషి వచ్చి మా మంచం మీద కూర్చొని టీ తాగింది. "ఆయన ఏమీ తినడం లేదు. నువ్వు చేసే రాగి జావ అడుగుతున్నాడు. ఇంటికి రా," అంది నా భార్యతో.

మా ఆవిడ గ్లాసు తీసుకొని కడిగి వచ్చి, "వస్తాను మామా. కానీ నడవలో పడుకోను. కింద బాబా గది పక్కన గది నాకు ఇవ్వాలి. శుక్రవారం మా ఆయన వస్తాడు, ఆ రోజు మేమిద్దరం బయటికి పోయి వస్తాం," అంది. అంత సూటిగా ఆమె మాట్లాడడం నేను ముందెన్నడూ వినలేదు. మామా సరే అంది.

మర పడగొట్టిన రోజు నేనొక్కడినే ఉన్నాను. దాణా మరను విప్పి తుక్కు కొనేవాళ్ళు పట్టుకుపోయారు. రాతి గిర్నిని ఎవరూ తీసుకోలేదు. బుల్డోజరు వచ్చి గదులు, షెడ్డు, కట్ట అన్నీ మధ్యాహ్నానికి చదును చేసింది. మా గది కూలినప్పుడు చప్పుడు కూడా పెద్దగా రాలేదు, చెక్క గోడలే కదా. నాకు ఏడుపు వస్తుందేమో అనుకున్నాను. రాలేదు. ఆకలేసింది. పొద్దుటి నుంచి ఏమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది. బుల్డోజరు నడిపే అతను తన రొట్టెలో సగం ఇచ్చాడు. ఆ సాయంత్రమే నేను మంగఫ్‌లో ఫ్యాక్టరీ వాళ్ళిచ్చిన గదికి చేరాను.

మర పోయిన సంగతి బాబాకు చెప్పొద్దని ఇంట్లో అందరికీ కొడుకు చెప్పి పెట్టాడు. కానీ ఒకరోజు జావ తాగిస్తున్నప్పుడు బాబా నా భార్యను అడిగాడు, మాట ముద్దముద్దగా వస్తున్నా.

"మత్‌హన నడుస్తోందా?"

ఆమెకు అబద్ధం నోటికి రాలేదట. "లేదు బాబా. తీసేశారు. నేలంతా చదును చేశారు," అని చెప్పేసింది.

ఆయన కిటికీ వైపు తల తిప్పుకున్నాడు. పొరపాటు చేశానేమో అని ఆమె గిన్నె కింద పెట్టబోయింది. అప్పుడు ఆయన అడిగాడు. "నీళ్ళొచ్చిన రోజు నువ్వు బస్తాల మీద కూర్చొని తిడుతున్నావు. ఎవరిని?"

"మిమ్మల్నే బాబా. వంకలో మర పెట్టినందుకు."

నోరు ఒకవైపే కదిలినా బాబా గట్టిగా నవ్వాడట. జావ దుప్పటి మీద ఒలికింది. నవ్వు విని మామా పరుగెత్తుకొచ్చి, ఏమైందని అడిగితే ఆయన చెప్పలేదు. ఆ పూట గిన్నెలో జావంతా తాగాడని శుక్రవారం నేను వెళ్ళినప్పుడు ఆమె నాకు చెప్పింది. ఆ ఎండాకాలంలోనే ఆయన పోయాడు. ఖననానికి మా గిర్నీపల్లె వాళ్ళం ఆరేడుగురం వెళ్ళాం. శ్మశానం బయట నిలబడి ఉంటే, కొడుకు మమ్మల్ని చూసి లోపలికి రమ్మని చెయ్యి ఊపాడు. ఇసుక వేసే వరసలో మమ్మల్నీ నిలబెట్టాడు.

మామా దుఃఖదినాలు ముగిశాక, నా భార్య ఇక వెళ్తానంది. మామా అడ్డు చెప్పలేదు. ఇంటి వీసా నుంచి కంపెనీ వీసాకు మారడానికి అప్పుడు ప్రభుత్వం కొన్నాళ్ళు వీలిచ్చింది, కాగితాల మీద మామాయే సంతకం పెట్టింది. పోయేటప్పుడు తన పాత శాలువా ఒకటి ఇచ్చి, "మంగఫ్‌లో సముద్రం గాలి చల్లగా ఉంటుంది," అందట.

ఇప్పుడు ఇద్దరం మంగఫ్‌లో ఉంటున్నాం. కంపెనీ క్యాంపులకు భోజనాలు పంపే వంటశాలలో ఆమెకు పని. నేను ఫ్యాక్టరీలో దాణా లారీలు లోడింగ్ చేయిస్తాను. ఒక గోదావరి కుటుంబంతో కలిసి ఫ్లాటు తీసుకున్నాం. ఒక గది వాళ్ళది, ఒక గది మాది, వంటిల్లు వంతుల మీద. ఆ ఇంటావిడ ప్రతి మాటకూ "అండీ" అంటుంటే మా ఆవిడకు మొదట్లో వెక్కిరిస్తున్నట్టు ఉండేది. రెండు నెలలు ముభావంగా ఉండి, ఒకరోజు చింతపండు అప్పు అడగబోయి స్నేహం కలిపింది. పొద్దున నాకంటే ముందే ఆమె వ్యాను వస్తుంది, సాయంత్రం నా బస్సు ముందు వస్తుంది. శుక్రవారం మాత్రం ఇద్దరికీ సెలవు. మధ్యాహ్నం దాకా పడుకొని, లేచాక సముద్రం ఒడ్డుకు నడుచుకుంటూ పోతాం.